గలి, జాఉథిలి, ఫుయ్, ఈబా

మొన్న ఒక శుక్రవారం సాయంత్రం మా మేనకోడలు రూళ్ళ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ముఖం చిన్నబోయి ఉంది. స్పానిష్ భాషలో డెలే అనే పరీక్షకు, అందులో ఏ2 స్థాయికి, ఆ పిల్ల ఆరు నెలలుగా ఆన్‌లైన్‌లో పాఠాలు వింటోంది. ఆ వారం రాసి పంపిన చిన్న వ్యాసంలో ‘తోదోస్ లోస్ బియెర్నెస్ ఫుయ్ అల్ తెంప్లో కోన్ మి అబుయెలా’ అని ఒక వాక్యం రాసింది. ప్రతి శుక్రవారం నాయనమ్మతో గుడికి వెళ్ళేదాన్ని అని చెప్పాలని ఆమె ఉద్దేశం. పాఠం చెప్పేవారు ‘ఫుయ్’ కింద ఎర్రగీత గీసి, పక్కన ‘ఈబా’ అని రాసి తిప్పి పంపారు. ఎందుకని అడిగితే, ఇది క్రమం తప్పిన క్రియ, దీనికి కారణాలు వెతకకూడదు, పట్టిక కంఠస్థం చెయ్యాలి అని జవాబు వచ్చిందట.

కంఠస్థం చెయ్యడం తప్పని నేను అనను. ఎక్కాలూ శతక పద్యాలూ అలా నేర్చుకున్నవాళ్ళమే. కాని ఈ క్రియకు కారణం లేదన్న మాట నాకు మింగుడుపడలేదు. పర్లాకిమిడిలో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడి పెరిగిన పిల్లకు ఇంగ్లీషు వ్యాకరణం మీదుగా ఈ క్రియను చెప్పడం వల్లనే ఇంత చిక్కు వచ్చిందని, సరైన దారి ఆమె నోట్లోనే ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఆ సాయంత్రం మొదలుకొని మూడు వారాలపాటు మేమిద్దరం ఆ ఒక్క క్రియతోనే కూర్చున్నాం.

ఆ క్రియ పేరు ‘ఈర్’. వెళ్ళడం అని అర్థం. ఇప్పటి సంగతి చెప్పేటప్పుడు బోయ్, బాస్, బా, బామోస్, బైస్, బాన్ అంటారు. నేను వెళ్తాను, నువ్వు వెళ్తావు అని మొదలై, వాళ్ళు వెళ్తారు అన్నదాకా వరుస. ఒకసారి జరిగి ముగిసిపోయిన గతానికి ఫుయ్, ఫుయిస్తె, ఫుయె, ఫుయిమోస్, ఫుయిస్తెయ్స్, ఫుయెరోన్. అలవాటుగానో కొనసాగుతూనో ఉన్న గతానికి ఈబా, ఈబాస్, ఈబా, ఈబామోస్, ఈబైస్, ఈబాన్. మూడు వరుసలూ పక్కపక్కన రాసి చూస్తే, ఒకటి బకారంతో, ఒకటి ఫకారంతో, ఒకటి ఇకారంతో మొదలవుతాయి. ఒకే క్రియ అని ఎవరైనా చెబితే తప్ప ఒకే క్రియ అని తెలియదు.

నిజానికి అవి మూడు వేర్వేరు లాటిన్ క్రియల నుంచి వచ్చినవి. లాటిన్‌లో వెళ్ళడానికి అసలు మాట ‘ఈరే’. దాని వర్తమాన రూపాలు ఒక్కొక్క అక్షరం అంత పొట్టివి కావడంతో, జనం మాటలో అవి నిలవక, నడిచిపోవడం అనే అర్థమున్న ‘వాదెరే’ వచ్చి ఆ చోటు తీసుకుంది. బోయ్, బాస్, బా అన్నవి దాని సంతానం. ఈబా మాత్రం పాత ఈరేదే. లాటిన్ ‘ఈబామ్’ చివరి మకారం వదిలేసి, రెండు వేల ఏళ్ళ తరవాత కూడా దాదాపు అలాగే మిగిలింది. ఇక ఫుయ్ అన్నది మొదట వెళ్ళడానికి సంబంధించినదే కాదు. అది ‘ఎస్సే’, అంటే ఉండడం అనే క్రియ తాలూకు గతరూపం. ఫలానా చోట ఉండి వచ్చాను అన్న మాట మెల్లగా అక్కడికి వెళ్ళాను అన్న అర్థానికి జరిగింది. అందుకే నేటి స్పానిష్‌లో ‘సేర్’ అనే ‘ఉండు’ క్రియకూ, ‘ఈర్’ అనే ‘వెళ్ళు’ క్రియకూ ముగిసిన గతరూపాలు అక్షరం తేడా లేకుండా ఒక్కటే. ‘ఫుయె మాయెస్త్రా’ అంటే ఆమె ఉపాధ్యాయురాలుగా ఉండింది. ‘ఫుయె ఆ లా ఎస్కుయెలా’ అంటే ఆమె బడికి వెళ్ళింది. తరవాత వచ్చే ‘ఆ’ అన్న చిన్న మాట, మన ‘కి, కు’ లాంటిది, తేడా చెప్పేస్తుంది.

ఇదంతా చెప్పి, మా మేనకోడలిని ఒడియాలో ఇదే క్రియ చెప్పమని అడిగాను. ఆమె ఆలోచించకుండా ముఁ జాఉఛి, ముఁ గలి, ముఁ జిబి అంది. వెళ్తున్నాను, వెళ్ళాను, వెళ్తాను. చెప్పాక ఒక్క క్షణం ఆగి, ‘అత్తా, జా ఎక్కడ, గ ఎక్కడ?’ అంది. అదే నాకు కావలసిన ప్రశ్న. సంస్కృతంలోని ‘యా’ ధాతువు నుంచి జా వచ్చింది, ‘గమ్’ ధాతువు తాలూకు ‘గత’ నుంచి గలి వచ్చింది. హిందీలో జానా, గయా కూడా ఇదే సంగతి. ఒడియా బడిలో ఒకటో తరగతి నుంచి ఈ పిల్లలు రెండు ధాతువులను ఒకే క్రియగా తిప్పుతూనే ఉన్నారు, ఎవరూ పట్టిక ఇవ్వలేదు, ఎవరూ తప్పు పలకలేదు. మన తెలుగులో మాత్రం లేదా? వస్తాను, వచ్చాను అంటాం. పిలిచేటప్పుడు వచ్చు అనం, రా అంటాం. రాను, రాలేదు, రావాలి, రండి. వచ్చు, రా రెండూ ఒకే మూల ద్రావిడ ధాతువు నుంచి చీలినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు కనుక అది స్పానిష్ సంగతికి సరిసమానం కాదు గాని, పరాయివాడు నేర్చుకునేటప్పుడు అతనికి కలిగే కష్టం మాత్రం అదే.

ఇప్పుడు ఆ ఎర్రగీత దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ క్రియలో అసలు సారం అక్కడే ఉంది. నాయనమ్మతో గుడికి అంటే పాతపట్నంలోని నీలమణి దుర్గ అమ్మవారి గుడికి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు, పాతపట్నం అటు పడ్డాయి గాని, మా నాయనమ్మలకు ఆ గీత ఎన్నడూ అడ్డు కాలేదు. ‘నిన్న ఏం చేశావు?’ అని అడిగాను. ‘నిన్న గుడికి వెళ్ళాను.’ ‘చిన్నప్పుడు ప్రతి శుక్రవారం?’ ‘గుడికి వెళ్ళేదాన్ని.’ అంతే. మొదటిది ఫుయ్, రెండోది ఈబా. ఇంగ్లీషులో రెంటికీ ఒకే గతరూపంతో సరిపెట్టవచ్చు కాబట్టి ఇంగ్లీషు మీదుగా ఆలోచించినప్పుడు ఆమె ఫుయ్ రాసింది. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. లెక్క చెప్పినప్పుడు కూడా రెండు భాషలూ కలిసే నడుస్తాయి. ‘మూడుసార్లు వెళ్ళాను’ అంటాం, ‘మూడుసార్లు వెళ్ళేదాన్ని’ అనం. స్పానిష్‌లోనూ ‘ఫుయ్ త్రెస్ బేసెస్’ అనే అంటారు. ఒక చిన్న తేడా ఏమిటంటే, మన రూపంలో వెళ్ళేవాణ్ణి, వెళ్ళేదాన్ని అని ఆడా మగా తెలుస్తుంది, ఈబాలో తెలియదు.

అయితే తెలుగు ఒక్కటే ఇక్కడ చాలదు. ‘బజారుకి వెళ్తుండగా వాన మొదలైంది’ అన్న వాక్యంలో వెళ్ళేదాన్ని అనడం కుదరదు. స్పానిష్‌లో మాత్రం అక్కడ కూడా ఈబాయే: ‘ఈబా అల్ మెర్కాదో కువాందో ఎంపెసో ఆ యోబెర్’. ఇక్కడే ఒడియా చెయ్యి అందించింది. ‘పిలాదినే జాఉథిలి’ అంటే చిన్నతనంలో వెళ్ళేదాన్ని, ‘బజారకు జాఉథిలి’ అంటే బజారుకి వెళ్తూ ఉన్నాను. అలవాటుకూ, కొనసాగుతున్న పనికీ ఒకే జాఉథిలి. పైగా ముగిసిన గతం గలి గకారంతో, సాగిన గతం జాఉథిలి జకారంతో మొదలవుతాయి, సరిగ్గా ఫుయ్ ఒక ధాతువు, ఈబా ఇంకో ధాతువు అయినట్టే. ఇది చూసుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. రూళ్ళ పుస్తకంలో మా మేనకోడలు ఒక పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు గలి, కుడివైపు జాఉథిలి అని పెద్ద అక్షరాలతో రాసింది. దాని కిందనే ఫుయ్, ఈబా. ఆ తరవాత ఆమె ఆ రెంటిలో ఏది రాయాలో నన్ను అడగలేదు.

సాగిన గతంలో క్రమం తప్పే క్రియలు స్పానిష్ మొత్తంలో మూడే మూడు: సేర్, ఈర్, చూడడం అనే అర్థంగల బేర్. ఇంత పెద్ద భాషలో మూడంటే మూడు అని తెలిసినప్పుడు ఆ పిల్ల భుజాలు దిగడం నేను చూశాను. ఇలాంటి సంగతి మొదటి రోజే చెప్పాలి.

ఉచ్చారణలో కూడా సరిహద్దు ఊరివాళ్ళకు ఒక లాభం ఉంది. బోయ్, బామోస్ అన్నవాటిని రాసేది మన వకారంలా కనిపించే అక్షరంతోనే గాని, స్పానిష్ నోట అది బకారమే. విశాఖపట్నాన్ని బిశాఖాపాటణా అనే ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఇది వింత కాదు. స్పానిష్ త, ద కూడా మన త, ద లాగే పళ్ళ దగ్గర పలుకుతాయి. గౌరవంగా మీరు అనడానికి వాళ్ళు ‘ఉస్తేద్’ అంటారు. దానితో క్రియ మాత్రం ‘అతను’కు వాడే రూపంలో ఉంటుంది: ఉస్తేద్ బా. ‘తమ దయ’ అన్న అర్థంలో వాడిన పాత పలకరింపు అరిగి ఉస్తేద్ అయింది కనుక అలా నిలిచిపోయింది. ఒడియాలో ‘ఆపణ జాఉఛంతి’ అన్నప్పుడు ‘వాళ్ళు’కు వాడే రూపమే వాడతాం కదా, ఇదీ అలాంటిదే.

భవిష్యత్తు తేలిక. ఇరే, ఇరాస్, ఇరా అంటూ ‘ఈర్’ చెక్కుచెదరకుండా ఉండి, అన్ని క్రియలకూ వచ్చే ప్రత్యయాలే చివర చేరతాయి. మాటల్లో ఎక్కువగా వినబడేది మాత్రం ‘బోయ్ ఆ కొమెర్’ లాంటిది. దీన్ని మా మేనకోడలికి చెప్పడానికి నాకు ఒక్క మాట చాలింది: తినబోతున్నాను. మన ‘బోతున్నాను’లో ఉన్నది పోవడమే. వెళ్ళడాన్నే ఆసరా చేసుకుని జరగబోయేది చెప్పడం రెండు భాషల్లోనూ ఉంది. ‘బోయ్ ఆ ఈర్’ అంటే వెళ్ళబోతున్నాను.

ఇక తెలుగు మనల్ని పక్కదారి పట్టించే చోట్లు కూడా చెప్పాలి. ‘సెలవు దొరికితే వెళ్ళేదాన్ని’ అన్నప్పుడు మన రూపం వెళ్ళేదాన్నే గాని, స్పానిష్‌లో అక్కడ ఈబా కాదు, ‘ఇరీయా’ రాయాలి. ఒడియా దీన్ని జాఇథాంతి అని విడిగా చెబుతుంది కాబట్టి అనుమానం వచ్చినప్పుడు ఒడియాలో అనుకుని చూసుకోవడం మంచిది. ఇంకొకటి మరీ తరచుగా జరుగుతుంది. లోపలినుంచి అమ్మ పిలిస్తే మనం ‘వస్తున్నా’ అంటాం. స్పానిష్ పిల్ల ‘యా బోయ్’ అంటుంది, అంటే ఇదిగో వెళ్తున్నాను అని. తాను ఉన్న చోటు నుంచి కదలడాన్నే ఆ భాష చూస్తుంది, పిలిచినవారి చోటును కాదు. మా మేనకోడలు ఇక్కడ రెండు వారాలపాటు వచ్చే క్రియనే వాడుతూ వచ్చింది. నేను వంటింట్లోంచి పిలిచినప్పుడల్లా స్పానిష్‌లోనే పలకాలని నియమం పెట్టుకున్నాక గాని అది సర్దుకోలేదు.

మా ఊళ్ళో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటి మాట విని ఆ భాష నేర్చుకున్నారు, దాని వ్యాకరణం రాశారు. అది 1931లో మద్రాసులో అచ్చయింది. ఆయన ముందు ఏ పట్టికా లేదు. ఈ మూడు వారాల్లో ఆయన నాకు చాలాసార్లు గుర్తుకు వచ్చారు. నోటి మాటకు స్పెయిన్‌లోనూ ఆలస్యంగానైనా మన్నన దొరుకుతుంది. ‘మీరంతా వెళ్ళిపోండి’ అనడానికి వ్యాకరణం ‘ఈదోస్’ అనమంటుంది, జనం ‘ఈరోస్’ అంటారు. 2017లో స్పానిష్ రాయల్ అకాడమీ ఈరోస్‌ను కూడా ఒప్పుకుంది.

వెళ్ళాలని కోరుకోవడానికీ, ఇంకా జరగని వెళ్ళడానికీ ‘బాయా’ అనే మరో వరుస ఉంది. మనకు ‘వెళ్ళినప్పుడు’ అన్న ఒక్క మాట నిన్నటికీ రేపటికీ సరిపోతుంది. స్పానిష్‌లో నిన్నటికి ‘కువాందో ఫుయ్’, రేపటికి ‘కువాందో బాయా’. దీన్ని ప్రస్తుతానికి వాక్యాలతోనే సాధన చేయిస్తున్నాను, సూత్రం తరవాత చెబుతాను. ‘ఫుయెరా’ వరుసకు పుస్తకంలో గళ్ళు గీసి ఉన్నాయి గాని ఇంకా నింపలేదు. ఫుయెరోన్ చివరి ‘రోన్’ తీసి ‘రా’ పెట్టడమే కాబట్టి అది వచ్చే ఆదివారానికి.

మొన్న వెళ్ళేటప్పుడు ఆమె ‘మే బోయ్’ అంది. అంటే వెళ్ళిపోతున్నాను. నాకు మనసొప్పలేదు. ఇంటినుంచి కదిలేవాళ్ళు మన దగ్గర వెళ్ళిపోతానని అనరు కదా, వెళ్ళొస్తానంటారు. ఒడియావాళ్ళయితే ‘ఆసుఛి’, వస్తున్నాను అనే అంటారు. స్పానిష్‌లోనూ అలాంటి మాట ఉందని చెప్పాను. వెళ్ళి తిరిగి వస్తాను అని. గేటు తీసి, సైకిలు బయటికి నడిపించి, వెనక్కి తిరిగి, ‘బోయ్ ఇ బుయెల్బో, తీయా’ అని చెప్పి ఎక్కింది.