ఇంక్యుబేటర్‌ని తిట్టే ముందు పెట్ట ఏం తింటుందో చూడండి

ఇప్పుడు ఊరూరా చిన్న ఇంక్యుబేటర్లు వచ్చేశాయి, వంద గుడ్లది ఒకటి కొనుక్కుని అసీల్ జాతి కోడిపిల్లలు తీసి అమ్ముకునేవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లలు సరిగ్గా దిగకపోతే అందరూ అడిగేది ఒకటే, టెంపరేచర్ ఎంత పెట్టాలన్నా, తేమ ఎంత ఉండాలన్నా అని. అవి ముఖ్యమే, కాదనను, 37.5 నుంచి 37.8 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాల్సిందే. కానీ పెట్టలకి ఏం వేస్తున్నావ్ తమ్ముడూ అని నేనడిగితే మాత్రం "లేయర్ ఫీడే అన్నా, గుడ్లు బాగానే పెడుతున్నాయిగా" అంటారు. అసలు సంగతి అక్కడే ఉంది.

గుడ్డు పెట్టడం వేరు, ఆ గుడ్డులోంచి గట్టి పిల్ల రావడం వేరు. ఆవు కడుపులో దూడకి ఈనేదాకా తల్లి నుంచి అందుతూనే ఉంటుంది, కోడిపిల్లకి ఆ వీలు లేదు, గుడ్డు బయటపడ్డాక గాలీ వెచ్చదనం తప్ప లోపలికి ఇంకేం వెళ్లదు కాబట్టి 21 రోజులకి సరిపడా ప్రొటీను, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ తల్లి ముందే సర్ది పెట్టేయాలి. పిండానికి కావాల్సిన శక్తిలో 90 శాతం పైనే పచ్చసొనలో కొవ్వు నుంచి వస్తుంది, ఎముకలకి కాల్షియం ఎక్కువ భాగం పెంకు నుంచే లాక్కుంటుంది, అలా లాక్కోడానికి మళ్లీ విటమిన్ డి ఉండాలి. లేయర్ ఫీడ్ మనం తినే గుడ్డు కోసం లెక్కగట్టింది, పిల్ల కోసం కాదు. కోళ్లకి ఏ పోషకం ఎంత కావాలో చెప్పే అమెరికా ఎన్‌ఆర్‌సీ (నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్) వాళ్ల 1994 పట్టికలోనే చూడండి, బి2 విటమిన్ లేయర్‌కి కిలో మేతలో 2.5 మిల్లీగ్రాములు చాలన్నారు, బ్రీడర్ పెట్టకి, అంటే పిల్లలు తీసే గుడ్లు పెట్టేదానికి, 3.6 కావాలన్నారు.

ఈ బి2 లోపం కళ్లతో చూడాలంటే, పిల్ల దిగని గుడ్లని పారేయకుండా 22వ రోజు లావు వైపు నుంచి మెల్లగా ఒలిచి చూడండి. లోపల పిల్ల పొట్టిగా, ఒళ్లు నీరుపట్టి ఉంటుంది, నూగు విచ్చుకోకుండా తొడుగులోనే చుట్టలు తిరిగి చిన్న చిన్న ముడులు పడి ఉంటుంది, ముఖ్యంగా మెడ దగ్గర. ఇలాంటివి కొన్ని బతికి బయటికొచ్చినా కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి సరిగ్గా నిలబడలేవు. లోపం ఇంకా ఎక్కువుంటే పిండం రెండో వారంలోనే పోతుంది. కాళ్లు పొట్టిగా లావుగా, ముక్కు చిలక ముక్కులా వంకర తిరిగి ఉంటే మాంగనీసో బయోటినో తక్కువైందేమో చూడాలి.

నాకు బాగా బాధనిపించేది విటమిన్ ఇ విషయం. ఇది తక్కువైతే పిండం నాలుగో రోజు అటూ ఇటుగా పోతుంది, పదో రోజు లైటు పెట్టి చూస్తే గుడ్డు దాదాపు ఖాళీగా కనిపిస్తుంది, ఇంకేముంది, పుంజు పనికిరాదని మంచి పుంజుని కోతకి ఇచ్చేస్తారు! జాగ్రత్తగా చూస్తే లోపల సన్నటి రక్తపు వలయం కనపడుతుంది, అది ఉందంటే పుంజు తన పని చేసినట్టే, పిండం మొదలై ఆగిపోయిందని అర్థం.

ఫోలిక్ యాసిడ్ తక్కువైనా చివరి రోజుల్లో పిల్లలు పోతాయి. ఆ విటమిన్‌ని 1940ల్లో అమెరికాలో లేడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ప్రీమిక్స్ (మేతలో కలిపే విటమిన్లు, ఖనిజాల పొడి) ప్యాకెట్ మీద ఫోలిక్ యాసిడ్ అని చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

"మా నాయనమ్మ కాలంలో ఏ ప్రీమిక్స్ ఉందండీ, గంప కింద పన్నెండు గుడ్లు పెడితే పదకొండు దిగేవి" అంటారు కొందరు. నిజమే, కానీ ఆ పెట్ట పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెంటకుప్ప గీరి పురుగులు ఏరుకునేది, గడ్డి తినేది, ఎండలో తిరిగేది. పచ్చి ఆకులో బి2, పురుగుల్లో ప్రొటీనూ బి12, ఎండ నుంచి డి, అన్నీ దానంతటదే సమకూర్చుకునేది. అదే పెట్టని ఇనప మెష్ గూట్లో పెట్టి నూకలూ తౌడూ పోస్తే అవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి? బ్రీడర్ ఫీడ్ దొరకనివాళ్లు కనీసం లేయర్ ఫీడ్‌కి మంచి బ్రీడర్ ప్రీమిక్స్ కలపండి, మునగాకో కూరగాయల ఆకులో రోజూ వేయండి. బూజు పట్టిన మొక్కజొన్న మాత్రం వద్దే వద్దు, ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం పెట్ట లివర్‌ని పాడు చేయడమే కాదు, గుడ్డులోకీ దిగుతుంది. ప్రీమిక్స్ సంచి రేకుల షెడ్డులో ఎండకి పెట్టకండి, మన వేసవికి అందులో విటమిన్లు త్వరగా చచ్చిపోతాయి.

ఇంకోటి, గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెట్టాక పెట్టల నీళ్లలో విటమిన్ మందు కలిపితే ఆ బ్యాచ్‌కి ఒరిగేదేం లేదు. పచ్చసొన ముఖ్యంగా పెరిగేది గుడ్డు పెట్టే ముందు పది రోజుల్లో, అందుకే మేత మార్చిన రోజు నుంచి రెండు వారాలు ఆగి అప్పుడు గుడ్లు పోగెయ్యడం మొదలుపెట్టండి. ఈలోపు వచ్చిన గుడ్లు ఇంట్లో వండుకోండి, లేదా అమ్ముకోండి.