గాజుపోగులో రేడియో తరంగం ఏ రూపంలో వెళ్లాలి?

మొబైల్ నెట్‌వర్కుల పనిలో ఉన్నవాళ్లం ఒకరినొకరం తరచుగా అడిగే ప్రశ్న, ఆ సైటుకు ఫైబర్ ఉందా అన్నది. ఉందంటే సగం పని అయిపోయినట్టే లెక్క వేసుకుంటాం. కానీ ఆ ఫైబర్ మీద ఏం పంపబోతున్నాం అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. వినియోగదారుల డేటాను మాత్రమే పంపడం ఒక ఎత్తు, యాంటెన్నా నుంచి గాలిలోకి వెళ్లాల్సిన రేడియో తరంగాన్నే దాని ఆకారంతో సహా పంపడం మరో ఎత్తు. మొదటిదాన్ని బ్యాక్‌హాల్ అనీ, రెండోదాన్ని ఫ్రంట్‌హాల్ అనీ అంటున్నాం. ఈ వ్యాసం రెండోదాని గురించి. తరంగాన్ని ఏ రూపంలో పంపాలన్న నిర్ణయమే ఫైబర్ ఖర్చునూ, దూరాన్నీ, టవర్ మీది పెట్టె బరువునూ తేలుస్తుందనీ, కొత్త తరం వచ్చినప్పుడల్లా ఆ నిర్ణయాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వస్తోందనీ నా అభిప్రాయం.

పాత సైట్లలో రేడియో పరికరాలన్నీ టవర్ కింద షెల్టర్‌లోనే ఉండేవి. అక్కడి నుంచి పైన ఉన్న యాంటెన్నా దాకా బొటనవేలి లావు ఫీడర్ కేబుల్ వెళ్లేది. 2 గిగాహెర్ట్జ్ దగ్గర 7/8 అంగుళం ఫీడర్‌లో 100 మీటర్లకు సుమారు 6 డెసిబెల్స్ నష్టం ఉంటుంది. 40 మీటర్ల టవర్ అంటే, కనెక్టర్లూ జంపర్లూ కలుపుకుని, యాంప్లిఫయర్ పుట్టించిన శక్తిలో దాదాపు సగం యాంటెన్నాను చేరకముందే కేబుల్‌లో వేడిగా పోయేది. పైనుంచి కిందికి వచ్చే బలహీనమైన సంకేతానికీ ఇదే గతి. అందుకని యాంప్లిఫయర్‌నూ ఫిల్టర్లనూ ఒక పెట్టెలో పెట్టి యాంటెన్నా వెనకనే బిగించారు. దాన్నే ఆర్ఆర్‌యూ (రిమోట్ రేడియో యూనిట్) అంటాం. లెక్కలు చేసే బేస్‌బ్యాండ్ యూనిట్ కిందే ఉండిపోయింది. రెండింటి మధ్యకు ఫైబర్ వచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో ఏ మేడ మీది టవర్‌ను చూసినా, ప్రతి సెక్టార్ యాంటెన్నా వెనకా రెక్కలు తేలిన బూడిదరంగు పెట్టె ఒకటీ, దాని అడుగు నుంచి దిగే కరెంటు తీగా, దాని పక్కనే పెన్సిల్ కంటే సన్నని నల్లటి ఫైబర్ కేబులూ కనిపిస్తాయి.

ఈ ఫైబర్‌లో నడిచే భాషకు ఎక్కువ చోట్ల సీపీఆర్ఐ (కామన్ పబ్లిక్ రేడియో ఇంటర్‌ఫేస్) అని పేరు. ఎరిక్సన్, హువావే, ఎన్ఈసీ, నార్టెల్, సీమెన్స్ కంపెనీలు కలిసి 2003లో దీని తొలి రూపాన్ని తెచ్చాయి. ఇందులో జరిగేది వినడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. యాంటెన్నా నుంచి వెలువడాల్సిన తరంగాన్ని బేస్‌బ్యాండ్ యూనిట్ అంకెలుగా తయారుచేసి, ఆ అంకెలను వరసగా పైకి పంపుతుంది. పైన ఉన్న పెట్టె వాటిని తిరిగి తరంగంగా మార్చి, అసలు ఫ్రీక్వెన్సీకి ఎక్కించి వదులుతుంది. గాజులో ఎంత నష్టం జరిగినా, లేజర్ కాస్త వంకరగా స్పందించినా, అవతల సున్నానూ ఒకటినీ వేరుచేయగలిగితే చాలు, తరంగం చెక్కుచెదరకుండా అందుతుంది. సీపీఆర్ఐ ఇంతగా వ్యాపించడానికి అసలు కారణం ఇదే.

దానికి చెల్లించే మూల్యం మాత్రం తక్కువేమీ కాదు. 20 మెగాహెర్ట్జ్ ఎల్టీఈ (4జీ) తరంగానికి సెకనుకు 3 కోట్ల 7 లక్షల 20 వేల నమూనాలు తీసుకోవాలి. ఒక్కో నమూనాకు రెండు భాగాలు, ఒక్కో భాగానికి 15 బిట్లు అనుకుంటే 921.6 మెగాబిట్లు అవుతుంది. ప్రతి 15 మాటలకు ఒక కంట్రోల్ మాట కలిపితే 983.04కు చేరుతుంది. ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చే లైన్ కోడింగ్ తర్వాత 1228.8 మెగాబిట్లుగా తేలుతుంది. ఇది ఒక్క యాంటెన్నాకు మాత్రమే, రెండు యాంటెన్నాలకు 2457.6. అదే సెల్‌లో ఆ రెండు యాంటెన్నాలతో వినియోగదారులకు అందించగలిగే గరిష్ఠ వేగం 150 మెగాబిట్లు. అంటే మనుషులకు అవసరమైన ఒక్కో బిట్టుకూ ఫైబర్‌లో పదహారు బిట్లు మోస్తున్నాం. పైగా ఇది గరిష్ఠ వాడకం ఉన్నప్పటి నిష్పత్తి. రాత్రి మూడు గంటలకు సెల్‌లో ఒక్క ఫోనూ మాట్లాడకపోయినా అదే 2457.6 మెగాబిట్లు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాయి. ప్రయాణికులున్నా లేకపోయినా వేళకు బయల్దేరే ఆర్టీసీ బస్సు లాంటిదిది.

టవర్ కింది నుంచి పైకి 40 మీటర్ల ఫైబర్ అయినంత కాలం ఈ దుబారాను ఎవరూ పట్టించుకోలేదు. విద్యుత్ సంకేతాన్ని వెలుగుగా మార్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ ఖరీదు తప్ప పెద్ద ఖర్చు లేదు. 2010లో చైనా మొబైల్ సంస్థ సీ-రాన్ (కేంద్రీకృత రేడియో నెట్‌వర్క్) ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడు అసలు సమస్య బయటపడింది. ఒక్కో సైటులో ఒక్కో బేస్‌బ్యాండ్ యూనిట్, దానికో ఏసీ, దానికో బ్యాటరీ బ్యాంకు ఎందుకు, అన్నిటినీ ఒకే భవనంలో పెట్టి, సైట్ల దగ్గర రేడియోలను మాత్రమే ఉంచుదాం అన్నది ఆ ప్రతిపాదన. కరెంటూ అద్దే కాకుండా, పక్కపక్క సెల్‌లను ఒకేచోట నుంచి నడిపితే వాటి మధ్య జోక్యాన్ని తగ్గించవచ్చన్న లాభం కూడా ఉంది. అయితే ఇప్పుడు సీపీఆర్ఐ మీటర్లలో కాదు, కిలోమీటర్లలో ప్రయాణించాలి.

అక్కడ అడ్డుపడేది బిట్ల సంఖ్య ఒక్కటే కాదు, సమయం కూడా. ఎల్టీఈలో ఫోన్ పంపిన ముక్క అందిందో లేదో బేస్ స్టేషన్ నాలుగో మిల్లీసెకను సబ్‌ఫ్రేమ్‌లో చెప్పి తీరాలి. లెక్కలు చేయడానికి మిగిలేది సుమారు 3 మిల్లీసెకన్లు. అందులో ఎక్కువ భాగం ప్రాసెసింగే తినేస్తుంది. గాజులో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది కనుక 20 కిలోమీటర్లకు ఒకవైపు 100, రాకపోకలకు 200 మైక్రోసెకన్లు పోతాయి. ఫ్రంట్‌హాల్ దూరానికి 20 కిలోమీటర్ల చుట్టుపక్కల గీత గీయడం వెనక ఉన్న లెక్క ఇదే. ప్లానింగ్‌లో కూర్చున్నవాళ్లు మ్యాపు మీద తిన్నగా గీసిన 12 కిలోమీటర్లు, రోడ్డు వెంటా, కాలువ చుట్టూ, రైల్వే క్రాసింగ్ దాకా వెళ్లి వచ్చేసరికి నిజమైన కేబుల్‌లో 18 అవుతాయని మరవకూడదు. జాయింట్ల దగ్గర చుట్టలు చుట్టి వదిలే అదనపు కేబుల్ కూడా దూరమే.

ఇక 5జీ వచ్చాక పాత పద్ధతిని అలాగే సాగదీయడం అసాధ్యమని తేలింది. 100 మెగాహెర్ట్జ్ వెడల్పుకు నమూనాల వేగం సెకనుకు 12 కోట్ల 28 లక్షల 80 వేలు, యాంటెన్నా గొలుసులు 64. 30 బిట్లతో గుణిస్తే కంట్రోల్, కోడింగ్ ఏవీ కలపకముందే దాదాపు 236 గిగాబిట్లు వస్తుంది. ఒక్క సెక్టార్‌కు ఇంత అంటే ఏ ఆపరేటరూ ఒప్పుకోడు. కాబట్టి బేస్‌బ్యాండ్ యూనిట్‌కూ టవర్ మీది పెట్టెకూ మధ్య పనిని విడదీసే చోటును జరిపారు. 2017లో సీపీఆర్ఐకి కొత్త రూపంగా ఈసీపీఆర్ఐ వచ్చింది. 2018లో ఏర్పడిన మొబైల్ కంపెనీల కూటమి ఓ-రాన్ అలయన్స్ 7-2ఎక్స్ అనే విభజనను ఖరారు చేసింది. ఇందులో సబ్‌క్యారియర్లను (తరంగంలోని సన్నని ఫ్రీక్వెన్సీ పట్టీలను) కలిపి తరంగంగా మార్చే ఫోరియర్ లెక్కా, తరంగాన్ని ఒక దిశకు మళ్లించే బీమ్ ఏర్పరిచే పనిలో కొంతా టవర్ మీది పెట్టెలోకి వెళ్లిపోతాయి. ఫైబర్ మీద తరంగం నమూనాలకు బదులు, నిజంగా వాడుతున్న 3,276 సబ్‌క్యారియర్ల విలువలు మాత్రమే వెళ్తాయి. అవి కూడా 64 యాంటెన్నాలకు కాకుండా 8 లేదా 16 లేయర్లకే (ఒకేసారి పంపే విడివిడి డేటా ధారలకే). ఒక్కో విలువలోని రెండు భాగాలనూ 9 బిట్ల చొప్పున కుదిస్తే లేయర్‌కు సుమారు 1.65 గిగాబిట్లు, 8 లేయర్లకు 13 గిగాబిట్ల పైచిలుకు. ఒక 25 గిగాబిట్ల మాడ్యూల్‌లో హాయిగా ఇమిడిపోతుంది. ఎవరూ వాడని సబ్‌క్యారియర్లను పంపనక్కర్లేదు కనుక రాత్రి మూడు గంటల దుబారా కూడా చాలావరకు తగ్గింది.

నా లెక్కలో గత పదేళ్లలో ఈ రంగంలో తీసుకున్న అత్యంత తెలివైన నిర్ణయం ఇదే. దీనికీ వెల ఉంది. సీ-రాన్ వచ్చినప్పుడు టవర్ మీది పెట్టెను తేలిక చేద్దామనుకున్నాం. ఇప్పుడు దాన్ని మళ్లీ బరువెక్కించి, అందులోకి పెద్ద చిప్‌లూ, వాటి వేడీ చేర్చాం. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతల ఎండలోనో, రామగుండం ఎండలోనో ఫ్యాన్ లేకుండా వేలాడే పెట్టెకు ప్రతి వాటూ భారమే.

ఈ చిక్కుల వల్లే కొందరి దృష్టి మళ్లీ పాత ఆలోచన మీదికి వెళ్తోంది. అంకెలుగా మార్చడమే అనవసరమనీ, రేడియో తరంగంతోనే లేజర్ వెలుగును నేరుగా హెచ్చుతగ్గులు చేసి పంపితే సరిపోతుందనీ వాళ్ల వాదన. అవతల ఫోటోడయోడ్ ఆ వెలుగును తిరిగి రేడియో తరంగంగా మారుస్తుంది, యాంప్లిఫయర్ దాన్ని యాంటెన్నాకు అందిస్తుంది, అంతే. దీన్ని అనలాగ్ రేడియో ఓవర్ ఫైబర్ అంటారు. ఇది ప్రయోగశాలకు పరిమితమైన వింత కాదు. మన వీధుల్లో కేబుల్ టీవీ ఆపరేటర్ల నోడ్‌లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. మొబైల్ రంగంలోనూ 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రాంగణాల్లో ఇలాంటి వ్యవస్థను వాడారు. మెట్రో సొరంగాల్లో, విమానాశ్రయాల్లో, పెద్ద ఆసుపత్రుల్లో ఒకే యాంటెన్నా వ్యవస్థను అన్ని కంపెనీలూ పంచుకునే చోట ఇప్పటికీ ఇది మామూలే. 100 మెగాహెర్ట్జ్ తరంగాలు ఎనిమిదింటిని పక్కపక్కన పేర్చి పంపాలన్నా ఫైబర్‌లో అవి ఆక్రమించేది 800 మెగాహెర్ట్జ్‌కు కాస్త పైన మాత్రమే. డిజిటల్‌తో పోలిస్తే అది ఎంత పొదుపో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే అనలాగ్ దేన్నీ క్షమించదు. వెలుగులో 1 డెసిబెల్ పోతే ఫోటోడయోడ్ తర్వాత విద్యుత్ సంకేతంలో 2 డెసిబెల్స్ పోతాయి, ఎందుకంటే అక్కడ పుట్టే కరెంటు వెలుగు శక్తికి అనులోమంగా ఉంటుంది, విద్యుత్ శక్తి ఆ కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. లేజర్ స్పందనలో ఏ కాస్త వంపు ఉన్నా పక్కపక్క క్యారియర్లు కలిసి లేని తరంగాలను పుట్టిస్తాయి. కనెక్టర్ ముఖం నుంచి వెనక్కి తిరిగే వెలుగు లేజర్‌ను కలవరపెట్టి నాయిస్ పెంచుతుంది. అందుకే అనలాగ్ లింకుల్లో 8 డిగ్రీల వాలుగా అరగదీసిన ఆకుపచ్చ కనెక్టర్లు వాడతారు. మాడ్యూళ్లకు వచ్చే నీలం కనెక్టర్ల ముఖం అలా వాలుగా ఉండదు, డిజిటల్‌కు అది చాలు. ఆకుపచ్చదాన్ని నీలం అడాప్టర్‌లో దూర్చితే లోపల రెండు గాజు ముఖాల మధ్య గాలి సందు మిగిలిపోతుంది. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే కోర్ వెడల్పు సుమారు 9 మైక్రాన్లు. మూత తీసి ఐదు నిమిషాలు గాలిలో వదిలేసిన కనెక్టర్ మీద వాలే ధూళి కణం దానికంటే పెద్దది కావచ్చు. డిజిటల్ లింకు ఆ ధూళిని తట్టుకుని పనిచేస్తూ ఉంటుంది. అనలాగ్ లింకులో అది కాల్ నాణ్యతలో కనిపిస్తుంది, అలారం మాత్రం రాదు. నిర్వహణలో ఉన్నవాళ్లకు ఇంతకంటే విసుగు పుట్టించే లోపం ఉండదు.

కింది నుంచి పైకి వెళ్లే దారి కంటే తిరుగుదారి మరీ కష్టం. యాంటెన్నా పక్కనే నిలబడ్డవాడి ఫోన్ సంకేతమూ, గోడల అవతల దూరంగా ఉన్నవాడి సంకేతమూ ఒకే లేజర్ మీద కలిసి రావాలి. రెండింటి బలంలో తేడా లక్షల రెట్లు ఉండవచ్చు. బలమైనది లేజర్‌ను వంచకూడదు, బలహీనమైనది నాయిస్‌లో మునగకూడదు. అనలాగ్ పరికరాల ఖరీదంతా సాధారణంగా ఈ ఒక్క షరతు దగ్గరే పెరుగుతుంది.

మిల్లీమీటర్ తరంగాల దగ్గర మరో చిక్కు ఉంది. మన దేశంలో 2022 వేలంలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండును కూడా అమ్మారు. ఆ తరంగాన్ని మామూలు పద్ధతిలో వెలుగు మీదికి ఎక్కిస్తే మూల వెలుగుకు రెండు వైపులా రెండు పక్కపట్టీలు ఏర్పడతాయి. 1550 నానోమీటర్ల దగ్గర సాధారణ ఫైబర్‌లో ఆ రెండూ కొంచెం వేర్వేరు వేగాలతో నడుస్తాయి. సుమారు 5.4 కిలోమీటర్ల దగ్గర అవి సరిగ్గా ఎదురుపడి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వెలుగు నిక్షేపంగా అందుతుంది, పవర్ మీటర్ మంచి రీడింగే చూపిస్తుంది, రేడియో తరంగం మాత్రం ఉండదు. 60 గిగాహెర్ట్జ్ అయితే ఇదే పరిస్థితి కిలోమీటరుకే ఎదురవుతుంది. 2 గిగాహెర్ట్జ్ దగ్గర 900 కిలోమీటర్లు దాటాలి కనుక పాత వ్యవస్థల్లో ఎవరికీ ఈ బాధ తెలియలేదు. ఒక పక్కపట్టీని తీసేయడమో, వేగాల తేడా దాదాపు లేని 1310 నానోమీటర్లను వాడడమో, తరంగాన్ని తక్కువ ఫ్రీక్వెన్సీలో పంపి అవతల పైకెక్కించుకోవడమో ఇందుకు మందులు. మూడోది ఆచరణకు దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. దక్షిణ కొరియా పరిశోధకులు ఎక్కువగా పనిచేసింది కూడా ఈ దారిలోనే.

మామూలు టవర్ల మీదికి అనలాగ్ తిరిగి వస్తుందని నేను అనుకోను. 7-2ఎక్స్ అక్కడ కుదురుకుంది, దాని చుట్టూ చిప్‌లూ, మాడ్యూళ్లూ, పని తెలిసిన మనుషులూ తయారయ్యారు. కానీ 26 గిగాహెర్ట్జ్‌ను నగరాల్లో నిజంగా వాడాలనుకుంటే వంద, రెండు వందల మీటర్లకో చిన్న యాంటెన్నా కావాలి. ప్రతి వీధి దీపం స్తంభానికీ వేడెక్కే డిజిటల్ పెట్టె తగిలించడం కంటే ఫోటోడయోడూ, యాంప్లిఫయరూ, యాంటెన్నా మాత్రమే ఉన్న చిన్న డబ్బా పెట్టడం చాలా సులువు. హైదరాబాద్ మెట్రో స్టేషన్లు, స్టేడియంలు, బస్ స్టేషన్ల వంటి చోట్ల నేనైతే మొదట దీన్నే పరిశీలిస్తాను. అందుకు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. కొత్తగా వేసే పట్టణ కేబుళ్లలో కోర్ల (విడివిడి గాజుపోగుల) సంఖ్యను నేటి బ్యాక్‌హాల్ అవసరానికి సరిపెట్టి ఆపేయకూడదు. డిజిటల్ లింకులు ఒకే కోర్ మీద వెలుగు రంగులు మార్చుకుని సర్దుకుంటాయి గానీ అనలాగ్ లింకుకు తనకంటూ స్ప్లిటర్ (వెలుగును పంచే పరికరం) లేని, ప్రతి జాయింటూ స్ప్లైస్ చేసిన (కరిగించి అతికిన) విడి కోర్ ఉంటే మేలు. గొయ్యి తవ్వడానికీ, రోడ్డు అనుమతులకూ అయ్యే ఖర్చు ముందు 12 కోర్ల కేబుల్‌కూ 48 కోర్ల కేబుల్‌కూ మధ్య తేడా చాలా చిన్నది.