తిప్పల మీద చీమలు

మే నెలలో పులికాట్ సరస్సుకి చీమలు లెక్కపెట్టడానికి పోతున్నానంటే మా అమ్మ నా వైపు అదోలా చూసింది. "రాజహంసలే వెళ్లిపోయాక అక్కడ ఏముందిరా, ఎండ తప్ప?" అంది. తప్పనడానికి లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి చలికాలంలో రెండు పక్కలా నీళ్లే. ఇప్పుడక్కడ నెర్రెలు విచ్చిన బురద, పైన ఉప్పు పొర, కళ్లు తెరిచి చూడలేనంత తెలుపు.

చేసే పని చిన్నదే. ప్లాస్టిక్ గ్లాసుని అంచు నేలకి సమంగా ఉండేలా పాతి, లోపల కొంచెం సబ్బు నీళ్లు పోసి ఒక రోజు వదిలేయాలి. ఉత్త నీళ్లయితే చీమ తేలుతూ గట్టెక్కేస్తుంది, సబ్బు కలిస్తే మునుగుతుంది. అంచు ఏ కాస్త పైకి లేచినా పక్కనుంచి తిరిగి పోతుంది, అందుకే ఒక్కో గ్లాసు దగ్గర బోర్లా పడుకుని సరిచూసుకోవాల్సి వచ్చింది. పది గ్లాసులు ఎండిన సరస్సు అడుగున, పది తిప్ప మీద, అంటే సరస్సు మధ్య దిబ్బలా లేచిన నేల మీద పెట్టాను. (తిప్పలు పడ్డానని వేరే చెప్పాలా?)

మర్నాడు చూస్తే అడుగున పెట్టిన వాటిలో ఉప్పు దుమ్ము, రెండు సాలీళ్లు. రెండు గ్లాసుల్ని గేదెలు తొక్కేశాయి. చీమ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆలోచిస్తే అంతే కదా, ఈశాన్య రుతుపవనాలకి మునిగిపోయే చోట ఏళ్ల తరబడి ఉండాల్సిన పుట్ట ఎవరు పెడతారు?

తిప్ప ఎత్తు మహా అయితే నా నడుము దాకా ఉంటుందేమో, దాని మీద మాత్రం వేరే లోకం. సర్కారు తుమ్మ మొదట్లో గండుచీమల పుట్ట ఉంది, కొమ్మ మీదికి వరస కట్టి పోతున్నాయి. ఒక ముల్లు దగ్గర గుమిగూడి మీసాలతో తడుముతున్నాయి, ముల్లుని తడమడమేంటా అని వేలు పెట్టబోతే ఆ ముల్లు పక్కకి జరిగింది! అది రసం పీల్చే పురుగు. వెనకనుంచి తీపి బొట్టు వదులుతుంది, చీమలు దాన్ని తాగి పురుగుకి కాపలా కాస్తాయి. గంటసేపు అక్కడే ఉండిపోయాను, మిగతా గ్లాసుల సంగతే మర్చిపోయి.

బెల్లం నీళ్లలో ముంచిన దూది పెడితే ముందొచ్చినవి పొడుగు కాళ్లతో పిచ్చిగా అటూ ఇటూ పరిగెత్తే పారట్రెకినా రకం చీమలు. కాసేపటికి కుట్టే ఎర్రచీమలు వచ్చి వాటిని తరిమేశాయి. పక్కనే ఉప్పు నీళ్ల దూది కూడా పెట్టాను. సముద్రానికి దూరంగా బతికే చీమలకి ఉప్పు మీద మోజు ఎక్కువని మైఖేల్ కాస్పరి బృందం 2008లో అమెరికా ఖండాల్లో చూపించింది, అది గుర్తొచ్చి. ఇక్కడ దాన్ని పలకరించిన చీమే లేదు. ఒక్క రోజు, ఒక్క తిప్ప, దీంతో ఏదీ రుజువు కాదనుకోండి, కానీ నవ్వొచ్చింది.

లెక్క దగ్గర ఒక మాట. పుట్ట పక్కన పడ్డ గ్లాసులో ఒకే రకం వందల్లో ఉంటుంది, దాన్ని చూసి వైవిధ్యం అనుకుంటే మోసపోతాం. ఎన్ని చీమలని కాకుండా, ఒక రకం ఎన్ని గ్లాసుల్లో కనిపించిందని రాసుకోవాలి.

ఇప్పుడు సీసాలన్నీ ఆల్కహాల్‌తో నా బల్ల మీదున్నాయి. ఏది ఏ రకమో తేల్చడానికి, మన దేశపు చీమల మీద బింగామ్ 1903లో వేసిన పుస్తకం పక్కన పెట్టుకుని భూతద్దంలో నడుము కణుపులు, మీసాల ముక్కలు లెక్కపెడుతున్నాను. సగం వాటికి "ఫెయిడోలె 1", "ఫెయిడోలె 2" అనే పేర్లే: ఫెయిడోలె అనే చీమల ప్రజాతి అని తెలిసింది, అందులో ఏ జాతో తేలలేదు. డిసెంబర్లో నీళ్లు నిండాక అదే తిప్పకి మళ్లీ పోవాలి, ఈసారి పడవలో.