పెద్ద కారు, చిన్న డీజిల్: నా అనుభవం

"మెర్సిడెస్ ఎస్-క్లాస్ కొంటూ నాలుగు సిలిండర్లేంటి బావా? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది" అన్నాడు మా బావమరిది. నిజానికి నేనూ మొదట ఆరు సిలిండర్ల ఎస్350 కోసమే వెతికాను. కానీ నాకు నచ్చిన సెకండ్ హ్యాండ్ కార్లలో బాగా చూసుకున్నది, రికార్డులన్నీ సరిగ్గా ఉన్నది నాలుగు సిలిండర్ల డీజిల్ ఎస్250 సీడీఐ. 2011 ప్రాంతంలో వచ్చిన మోడల్. ఎస్-క్లాస్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టడం అదే మొదటిసారి.

కాగితం మీద తేడా పెద్దదే. దీనిది 2143 సీసీ, 204 హార్స్‌పవర్. ఎస్350 బ్లూటెక్‌లోని మూడు లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) డీజిల్‌ది 258. సున్నా నుంచి వందకు ఇది 8.2 సెకన్లు, అది 7.1. ఆ సెకను గురించే వారం రోజులు ఆలోచించాను. చివరికి రెండూ ఒకేరోజు నడిపాక తెలిసింది, నేను బండిని అంత గట్టిగా ఎప్పుడూ తొక్కను. రోజూ అక్కరకొచ్చేది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. ఇందులో 500 న్యూటన్ మీటర్లు 1600 ఆర్‌పీఎమ్ దగ్గరే అందుతాయి. కాలు ఆనిస్తే చాలు, రెండు టన్నుల బరువు తెలియకుండా కదులుతుంది.

అసలు పరీక్ష చల్లటి ఇంజన్‌తోనే. మొదటిసారి వెళ్లినప్పుడు బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే కాస్త జరిపి పెట్టాం సార్" అన్నాడు అమ్మే మనిషి. నేనేమీ అనలేదు, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లాను. ఈ ఇంజన్‌లో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా నడిపే గొలుసు) ముందువైపు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే పెద్ద పని. అందుకే స్టార్ట్ చేసిన మొదటి కొన్ని క్షణాలు మెకానిక్‌ని పక్కన పెట్టుకుని విన్నాను. డీజిల్ కటకట ఉంది, గొలుసు గలగల లేదు. బండి ఎక్కువగా హైవే మీదే తిరిగిందని సర్వీసు రికార్డుల్లో కిలోమీటర్లు, తేదీలు చూస్తే తెలిసింది. అది నాకు పెద్ద ఊరట. డీజిల్‌ని ఊళ్లో చిన్న చిన్న దూరాలకే తిప్పితే, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, మూసుకుపోతుంది.

కాగితాల పని రెండు రోజుల్లో అయిపోయింది.

ఏడాదైంది. కంపెనీ లెక్క వంద కిలోమీటర్లకు 5.7 లీటర్లు, అంటే లీటరుకు పదిహేడున్నర. నాకు పద్నాలుగు దాటితే గొప్ప. ఇంజన్ అడుగున ప్రకంపనలు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులు రెండున్నా, పొద్దున్నే బయట నిలబడి వింటే వీ6 నునుపు లేదని ఒప్పుకోవాల్సిందే. లోపల కూర్చుని తలుపు వేస్తే మాత్రం ఆ గొడవ ఉండదు. ఐదుగురం, డిక్కీ నిండా సామానుతో ఎత్తు ఎక్కుతూ లారీని దాటాలంటే ముందుగా లెక్క వేసుకోవాలి. ఒకసారి దాటబోయి వెనక్కి తగ్గాను కూడా.

డిక్కీ మీద మోడల్ నంబరు లేదు. పాత ఓనరు పీకేశాడు. కొత్తది తెప్పించి అతికించాలని నాకూ అనిపించలేదు. కారణం బావమరిదికి తెలుసు.