రిపోర్ట్ వచ్చేలోపు

మూత్రంలో మంట మొదలైనప్పుడు మా వీధి ఆర్‌ఎంపీ ఏవో మాత్రలిచ్చాడు. అవి అయిపోయేసరికి వణికించే చలిజ్వరం, కుడి నడుము దగ్గర పొడిచినట్టు నొప్పి. ఇన్‌ఫెక్షన్ కిడ్నీదాకా పాకింది.

హాస్పిటల్లో చేరగానే మూత్రం, రక్తం కల్చర్‌కి, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి పంపి, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. "ఇది పనిచేస్తుందో లేదో రిపోర్ట్ వస్తేగానీ తెలీదమ్మా" అని డాక్టరమ్మ దాచకుండా చెప్పేశారు. నా మేనకోడలు ల్యాబ్‌లో పనిచేస్తుంది. "అత్తా, క్రిములు ప్లేటు మీద పెరగడానికి ఒక రాత్రి పడుతుంది. వాటిని ఇంకో ప్లేటులో పరిచి, మందు బిళ్లలు పెట్టి మళ్లీ ఒక రాత్రి ఆగాలి. బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం పెద్దగా వస్తే మందు పనిచేసినట్టు" అంది. అప్పటిదాకా నాకు జ్వరం, మా ఆయనకి టెన్షన్.

రిపోర్ట్‌లో ఇ.కోలై అనే బ్యాక్టీరియా, ఈఎస్‌బీఎల్ పాజిటివ్. అంటే సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఆ క్రిమి దగ్గరుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కూడా పనికిరాదు. నైట్రోఫ్యురాంటోయిన్ మాత్ర పనిచేస్తుందని ఉంటే, "మరి ఇదివ్వచ్చుగా?" అన్నారు మా ఆయన. అది మూత్రాశయం వరకేనట, కిడ్నీలో సరిపడా చేరదట. ఎర్టాపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఎక్కించారు. చలి ఆగింది, ఇడ్లీ తినబుద్ధయింది. ఇంటికొచ్చాక కూడా కోర్సు అయ్యేదాకా రోజుకో ఇంజెక్షన్. నీరసం మాత్రం చాలాకాలం వదల్లేదు.

ఆ నీరసంలోనే ఫోన్‌లో చదివాను. 2024 జూన్‌లో బ్రిటన్‌లో 80 లక్షల పౌండ్ల లాంజిట్యూడ్ ప్రైజ్, అంటే ఏ యాంటీబయాటిక్ వాడాలో త్వరగా తేల్చే పరీక్ష కోసం పెట్టిన బహుమతి, స్వీడన్ వాళ్ల పీఏ-100 అనే పరికరానికి ఇచ్చారు. అర మిల్లీలీటరు మూత్రం కూడా అక్కర్లేదు. వెంట్రుక కంటే సన్నని కాలువల్లో క్రిముల్ని ఇరికించి, మందు తగిలాక పెరుగుతున్నాయా ఆగాయా అని కెమెరాతో చూస్తుంది. ఏ మందు పనిచేస్తుందో 45 నిమిషాల్లో చెప్తుంది.

అది పరీక్షించే మందులు ఐదే. ఎర్టాపెనెమ్ వాటిలో లేదు, కాబట్టి హాస్పిటల్ మంచం మీద నాకది పెద్దగా అక్కరకొచ్చేది కాదు. కానీ నైట్రోఫ్యురాంటోయిన్ ఉంది. మంట మొదలైన రోజునే ఆ సంగతి తెలిసుంటే మాత్రలతోనే పోయేదేమో! ఇలాంటివి పెద్ద హాస్పిటళ్ల కంటే ముందు, మొదటి చీటీ రాసే చిన్న క్లినిక్‌లకి రావాలని నా గోల. "ముందు ధర దిగిరానీ అత్తా" అంటుంది మేనకోడలు. అదీ నిజమే.