పిల్లల ముందు మ్యాజిక్

పెద్దవాళ్ళ ముందు మ్యాజిక్ చేయడం తేలిక. అసలు టెన్షన్ పిల్లల ముందే. "ఇటు చూడండి" అంటే పెద్దవాళ్ళు బుద్ధిగా ఇటే చూస్తారు, రెండో చేతి సంగతి మర్చిపోతారు. పిల్లలు తమకి ఎటు చూడాలనిపిస్తే అటే చూస్తారు. పైగా కింద కూర్చుంటారు కాబట్టి, అరచేతిలో దాచింది ముందు వాళ్ళ కంటే పడుతుంది.

మూడు నాలుగేళ్ళ వాళ్ళతో ఇంకో చిక్కు. నాణెం మాయమైతే వాళ్ళకి పెద్ద ఆశ్చర్యమేమీ ఉండదు, మాయమైందంతే! (మనకి కాస్త అవమానమే అనుకోండి.) అదే మంత్రదండం నా చేతిలో విరిగి వేలాడితే పడీ పడీ నవ్వుతారు, మళ్ళీ విరగ్గొట్టమంటారు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి విచారణ మొదలవుతుంది: "అంకుల్, ఆ చెయ్యి తెరవండి!"

అందుకే స్పాంజి బంతిని వాళ్ళ పిడికిట్లోనే రెండు చేస్తాను. స్పాంజి ఎంత నొక్కితే అంత అణుగుతుంది కాబట్టి రెండున్నా ఒకటే అనిపిస్తుంది. పిడికిలి విప్పగానే రెండూ పొంగి బయటికి దూకుతాయి. నిన్నటి షోలో ఒక పాప వాటిని తిరిగి ఇవ్వనంది. ఇంటికెళ్ళి ఇంకొన్ని చేసుకుంటుందట. కొత్త సెట్ కొనాలి.