ఎండుటాకుల పొర కింద

ఈ ఉదయం అడవిలో నడుస్తూ ఒక చెట్టు మొదట్లో ఆగి ఎండుటాకులను పొరలు పొరలుగా తీసి చూశాను. పైన ఉన్నవి ఇంకా గలగలమంటున్నాయి. వాటి కింద ఉన్నవి తడిసి, నల్లబడి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంకా అడుగున ఒక ఆకు కనిపించింది. కండంతా పోయి ఈనెల వల మాత్రమే మిగిలింది. దాని మీద పాకిన సన్నని తెల్లని శిలీంధ్రపు దారాలు వేలు తగలగానే తెగిపోయాయి గానీ, ఈనెలు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

ఆ గట్టిదనం చాలావరకు లిగ్నిన్ అనే, మొక్కల కణాల గోడలను బిగించే పదార్థం వల్ల వచ్చింది. రాలిన ఆకులోంచి చక్కెరలు ముందుగా పోతాయి, పీచుకు మూలమైన సెల్యులోజ్ నెమ్మదిగా కరుగుతుంది. లిగ్నిన్ నిర్మాణంలో క్రమమంటూ ఉండదు కాబట్టి దాన్ని ఒకే చోట పట్టుకుని కోయడం ఏ ఎంజైముకూ కుదరదు. కలపను తెల్లగా, పీచుపీచుగా కుళ్లబెట్టే శిలీంధ్రాలు పెరాక్సిడేజులనే ఎంజైములతో దాన్ని విడగొడతాయి. ఆ ఎంజైముల్లో కొన్నింటికి మాంగనీసు కూడా కావాలి. మరికొన్ని శిలీంధ్రాలు సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను కాస్త మార్చి వదిలేస్తాయి. పడిపోయిన దుంగలు గోధుమరంగు ముక్కలుగా చిట్లిపోయేది అందుకే.

ఇదంతా చూస్తే లిగ్నినే మట్టిలో శతాబ్దాలు మిగులుతుందని అనిపిస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. కొలిచి చూస్తే, చాలా నేలల్లో అది మిగతా సేంద్రియ పదార్థం కంటే త్వరగానే పోతోంది. ఇట్టే కరిగిపోవలసిన చక్కెరలోని కార్బన్ మాత్రం సూక్ష్మజీవి ఒంట్లో చేరి, అది చచ్చాక బంకమట్టి రేణువులకో, ఇనుప ఆక్సైడ్లకో అతుక్కుని వందల ఏళ్లు ఉండిపోగలదు. ఎంత కాలం ఉంటుందన్నది అణువు మొండితనం కన్నా అది ఎక్కడ చేరింది, అక్కడ తేమ, గాలి, ఖనిజాలు, జీవులు ఎలా ఉన్నాయి అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని 2011లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష గట్టిగా వాదించింది. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ప్రపంచంలోని నేలల్లో ఉన్న కార్బన్ వాతావరణంలోనూ చెట్టుచేమల్లోనూ కలిపి ఉన్నదాని కంటే ఎక్కువ. నేలను తిరగదున్నితే మట్టిగడ్డలు విడిపోయి, వాటిలో దాగినదంతా సూక్ష్మజీవులకు అందుతుంది, అవి తింటే ఆ కార్బన్ గాలిలో కలుస్తుంది. అందుకే ఎండుటాకులను చెత్తగా ఊడ్చి తగలబెట్టినా, అడవి నేలను ఊరికే పెళ్లగించినా మనసు చివుక్కుమంటుంది.

చెట్ల వేళ్ల సంగతి ఇంకా చూడలేదు. వేరు నుంచి వచ్చే కార్బన్ ఖనిజాల పక్కనే పుడుతుంది కాబట్టి, ఆకుల నుంచి వచ్చిన దానికంటే అదే మట్టిలో ఎక్కువగా నిలుస్తుంది. రేపు భూతద్దం తీసుకెళ్లి, సన్నని వేళ్లకు అంటుకున్న మట్టిని చూడాలి.